మిద్దె మీద మూడు కిలోవాట్లు: ఏడాది వాడిన తర్వాత

నల్గొండలోని మా ఇంటి మిద్దె మీద 2024 ఆగస్టులో బిగించి, అదే ఏడాది అక్టోబరులో నెట్ మీటరుతో (లైనుకు మనం ఇచ్చిన కరెంటునూ, తీసుకున్న కరెంటునూ లెక్కగట్టే మీటరు) నడవడం మొదలుపెట్టిన మూడు కిలోవాట్ల సౌర విద్యుత్ వ్యవస్థ గురించి రాస్తున్నాను. తిప్పర్తి వైపు ఒక రైస్ మిల్లులో లెక్కలు రాయడం నా ఉద్యోగం కాబట్టి మొదటి రోజు నుంచి ఉత్పత్తి, వాడకం, ఖర్చు నోటుబుక్కులో రాసి పెట్టాను. కాకినాడ తీరానికి అవతల సముద్రంలో చమురు, గ్యాసు తీసే వేదిక మీద పనిచేసే మా బావ మొన్నటి దసరాకు ఇంటికి వచ్చి, ఆ నోటుబుక్కు తిరగేసి నాతో రెండు రోజులు వాదం పెట్టుకున్నారు. ఆ వాదం లేకపోతే ఈ సమీక్ష సగంలోనే ముగిసేది.

ముందుగా కొన్నదేమిటో చెబుతాను. ఒక్కొక్కటి 550 వాట్ల చొప్పున ఆరు ప్యానెళ్లు, ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే మూడు కిలోవాట్ల ఇన్వర్టర్, జింకు పూత పూసిన ఇనుప చట్రం, పిడుగు రక్షణ కడ్డీ, మూడు ఎర్తింగ్ గుంతలు. అన్నీ కలిపి నాకు రూ.1,95,000 అయింది. కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు రూ.30,000 చొప్పున, మూడో కిలోవాటుకు రూ.18,000 వెరసి రూ.78,000 రాయితీ నా బ్యాంకు ఖాతాలో పడింది. మూడు కిలోవాట్లకు మించి ఎంత పెద్దది పెట్టుకున్నా ఇంటికి ఆ రాయితీ పెరగదు. రాయితీ కావాలంటే దేశంలోనే తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లు వాడాలి, వాటి ధర కొంత ఎక్కువ. ఆ తేడా పోను కూడా నాకు రాయితీయే లాభంగా కనిపించింది.

ప్యానెళ్ల నాణ్యత మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదంతా బిగించిన సంస్థ మీద. పేరు రాయను. జూన్‌లో మిద్దె కొలవడానికి వచ్చిన అబ్బాయి నడినెత్తిన ఎండ ఉన్న వేళ ఫోనుతో నాలుగు ఫోటోలు తీసుకుని, నీడ సమస్య ఏమీ లేదని చెప్పి వెళ్లిపోయాడు. డిసెంబరు వచ్చేసరికి పొద్దు దక్షిణానికి వాలి, పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు నీడ మధ్యాహ్నం రెండు దాటగానే చివరి ప్యానెల్ మీద పడసాగింది. ప్యానెళ్లన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి కాబట్టి ఒకదాని మీద నీడ పడినా మొత్తం ఉత్పత్తి మీద దాని ప్రభావం ఉంటుంది. చట్రాన్ని నాలుగడుగులు తూర్పుకు జరిపి ఉంటే ఈ ఇబ్బంది వచ్చేదే కాదు. ఎవరైనా వేసవిలో మిద్దె కొలిపించుకుంటే, సంక్రాంతి ముందు రోజుల్లో నీడ ఎక్కడ పడుతుందో ముందే అడిగి రాయించుకోవడం మంచిది.

దానికంటే పెద్ద నష్టం నెట్ మీటరు దగ్గర జరిగింది. దరఖాస్తుకు జతచేయవలసిన కాగితాల్లో రెండు ఆ సంస్థవారు అప్‌లోడ్ చేయనే లేదు. ఫోను చేసిన ప్రతిసారీ "పైన పెండింగులో ఉంది సార్" అన్నారు. చివరికి నేనే వెళ్లి విచారిస్తే, పైకి అసలు పోనేలేదని తేలింది. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు వరకు రెండు లక్షల సామాను మిద్దె మీద ఎండకు ఎండుతూ, వానకు నానుతూ ఉత్తగా పడి ఉంది. ఎర్తింగ్ గుంతల్లో ఒకదానిలో బొగ్గు, ఉప్పు సరిగ్గా నింపలేదని ఆ తర్వాత మా వీధి ఎలక్ట్రీషియన్ తవ్వి చూపించాడు. పిడుగులు పడే ప్రాంతంలో అది చిన్న తప్పు కాదు.

ఇక పనితీరు. అక్టోబరు నుంచి సెప్టెంబరు వరకు పూర్తి పన్నెండు నెలల్లో మొత్తం ఉత్పత్తి దాదాపు 4,200 యూనిట్లు. సగటున రోజుకు పదకొండున్నర. అందరూ మే నెలలో ఎక్కువ వస్తుందనుకుంటారు గాని మా ఇంట్లో ఎక్కువ వచ్చింది మార్చి చివర, ఏప్రిల్ మొదట, రోజుకు పద్నాలుగు యూనిట్ల దాకా. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. సెల్ వేడి 25 డిగ్రీలు దాటిన తర్వాత పెరిగే ప్రతి డిగ్రీకి సామర్థ్యం ఒక శాతంలో మూడో వంతు మేర తగ్గుతుంది. మన నల్గొండ మే ఎండలో గాజు మీద చేయి పెట్టలేము. అందుకే రోహిణి కార్తెలో ఎండ నిప్పులు చెరుగుతున్నా మీటరు పన్నెండున్నర దగ్గరే నిలిచింది. ఆగస్టులో ముసురు పట్టిన రోజుల్లో మూడు యూనిట్లు వచ్చిన రోజులూ ఉన్నాయి.

దుమ్ము సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవారు చెప్పనిది ఇదే. మొదటి నెలల్లో బోరు నీళ్లతో ప్యానెళ్లు కడిగాను. మన జిల్లా బోరు నీళ్ల సంగతి తెలిసిందే. ఫ్లోరైడు కథ అటుంచినా, ఆ నీళ్లు ఆరిన చోటల్లా తెల్లని ఉప్పు పొర మిగులుతుంది. నాలుగుసార్లు కడిగేసరికి గాజు కింది అంచున వేలెడు వెడల్పున సున్నం గీత పేరుకుంది. గోరుతో గీస్తే రాలేది కాదు. జనవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున నిమ్మరసం కలిపిన నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డను ఆ గీత మీద పదినిమిషాలు పరిచి ఉంచి, తర్వాత నెమ్మదిగా రుద్దితే వదిలింది. అప్పటి నుంచి నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లనే రెండు బకెట్లు పట్టి పెట్టుకుని, పొద్దు పొడవకముందే కడుగుతున్నాను. కాలిన గాజు మీద చల్లని నీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. ఫిబ్రవరిలో మూడు వారాలు కడగకుండా వదిలి చూస్తే పదిన్నరకు పడిపోయిన ఉత్పత్తి, కడిగిన మరునాడే పన్నెండుకు చేరింది.

కోతుల బాధ కూడా ఉంది. మా వాడలో అవి లేని పూట లేదు. ప్యానెళ్ల మీద ఎగిరినా గాజు పగల్లేదు గాని, కింద వేలాడుతున్న వైర్లు రెండుసార్లు లాగి పెట్టాయి. రూ.1,200 పెట్టి వైర్లన్నింటికీ పైపు వేయించుకున్నాను. బిగించినప్పుడే చేయవలసిన పని అది.

కొనబోయేవారు తప్పక తెలుసుకోవలసిన మరో సంగతి: లైనులో కరెంటు పోతే మన మిద్దె మీది కరెంటు కూడా ఆగిపోతుంది. పట్టపగలు, ఎండ దంచుతున్నా సరే. మరమ్మతుకు స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణానికి ముప్పు రాకుండా ఇన్వర్టర్ తనంతట తానే పని ఆపేస్తుంది. బ్యాటరీతో కూడిన వ్యవస్థ వేరే, దాని ధర కూడా వేరే. ఇది తెలియక మా మిల్లు యజమాని జనరేటర్ అమ్మేస్తానని బయలుదేరితే నేనే ఆపాను.

డబ్బు లెక్క ఇది. ఇంతకుముందు నెలకు 320 యూనిట్ల వాడకం మీద రెండు వేల రూపాయల దాకా వచ్చే బిల్లు ఇప్పుడు స్థిర చార్జీల దగ్గర ఆగుతోంది. కరెంటు మీద ఏడాదికి ఇరవై వేలకు కొంచెం పైనే మిగిలింది. రాయితీ పోను పెట్టిన రూ.1,17,000 ఆ లెక్కన ఆరేళ్లలోపు తిరిగి వస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము తీసేసిన తర్వాత, డిసెంబరులో ఒక విద్యుత్ స్కూటర్ కూడా కొన్నాను. మిల్లుకు రానుపోను ముప్పై కిలోమీటర్లకు పైనే పడుతుంది. పాత బండికి నెలకు పదిహేడు లీటర్ల పెట్రోలు పోసేవాణ్ణి. ఇప్పుడు అదే దూరానికి నెలకు ఇరవై ఆరు యూనిట్లు ఖర్చవుతున్నాయి. అంటే ఏడాదికి రెండు వందల లీటర్ల పెట్రోలు నేను కొనడం మానేశాను. చమురు వ్యాపారంలో పీపా అంటే 159 లీటర్లు కాబట్టి, ఒక పీపాకు పైచిలుకు.

బావ పట్టుకున్నది ఈ పీపా లెక్కనే. సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం మిద్దె మీద కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు ఆయన నోటుబుక్కు మూసి, "ఏడాదికి ఒక్క పీపా. మన దేశం రోజుకు యాభై లక్షల పీపాలకు పైనే తాగుతది, బామ్మర్దీ. అండ్ల ఎనభై ఐదు పాళ్లకు పైన బయటి దేశాలదే. మన సముద్రంల ఉన్నది మనం తీసుకోవద్దంటే ఎట్ల?" అన్నారు. పదిహేనేళ్లుగా పద్నాలుగు రోజులు సముద్రంలో, పద్నాలుగు రోజులు ఒడ్డున గడుపుతున్న మనిషి. ఆ మాటలో ఉద్యోగాభిమానం ఉంది గాని అబద్ధం లేదు. నేను కూడా ముందే ఒప్పుకున్నాను: మన దేశంలో చమురు మండించి తీసే విద్యుత్తు నామమాత్రం, కాబట్టి మిద్దె మీది ప్యానెల్ సముద్రంలోని బావికి నేరుగా పోటీ కాదు. నా ప్యానెళ్లు తగ్గించేది ప్రధానంగా బొగ్గును. చమురుతో పోటీ స్కూటర్ వచ్చాకే మొదలైంది.

అయితే ఎండను నమ్మలేం, బావిని నమ్మవచ్చు అని ఆయన అన్న రెండో మాట దగ్గర నేను ఆగలేదు. కాకినాడ వైపు సముద్రంలో, కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ6 అనే గ్యాసు క్షేత్రం కథ ఆయన కళ్లముందు జరిగినదే. 2002లో గ్యాసు కనుగొన్నారు, 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు ఎనిమిది కోట్ల ఘనపు మీటర్లు వస్తాయన్నారు. 2010లో ఆరు కోట్లు దాటిన తర్వాత పడిపోవడం మొదలై, కొన్నేళ్లకే కోటి కిందికి దిగజారింది. ఆ గ్యాసును నమ్ముకుని గోదావరి జిల్లాల్లో కట్టిన విద్యుత్ కేంద్రాలు ఇంధనం లేక ఏళ్ల తరబడి మూతపడి ఉన్నాయి. మబ్బు పడితే నా మిద్దె మూడు యూనిట్లే ఇస్తుంది, నిజమే. కాని పైన ఎండ ఎంత ఉందో కంటికి కనిపిస్తుంది. రెండు వేల మీటర్ల నీటి కింద, ఆ నేల లోపల ఇసుకరాయిలో ఎంత ఉందన్నది తవ్వి తోడితే గాని తెలియదు. బావ కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, అదే సముద్రంలో 2020 డిసెంబరులో ఆర్ క్లస్టర్, 2021లో శాటిలైట్ క్లస్టర్, 2023లో ఎంజే అనే కొత్త గ్యాసు క్షేత్రాలు వరుసగా మొదలై ఉత్పత్తి మళ్లీ లేచిందని, 2024 జనవరి 7న కాకినాడకు ముప్పై కిలోమీటర్ల దూరంలోని 98/2 అనే సముద్ర బ్లాకులో మొదటి చమురు కూడా వచ్చిందని చెప్పారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూశాను. దాన్ని కాదనడానికి నాకు మనసు రాలేదు.

ప్రమాదాల విషయంలో ఆయనకు నాకంటే ఎక్కువ తెలుసు, నాకంటే ఎక్కువ భయం కూడా. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు తవ్వకపు వేదిక పేలి పదకొండు మంది చనిపోయారు. బావి మూయడానికి 87 రోజులు పట్టింది. అమెరికా ప్రభుత్వ అంచనా ప్రకారం 49 లక్షల పీపాల చమురు బావి నుంచి బయటికి చిమ్మింది. నా పీపా చొప్పున లెక్కవేస్తే 49 లక్షల ఇళ్లు ఏడాదిపాటు ఆదా చేయవలసినంత. మన దగ్గర 2005 జూలై 27న ముంబై హై సముద్ర చమురు క్షేత్రంలో నౌక తాకి, గ్యాసు గొట్టం తెగి, వేదిక మొత్తం కాలిపోయి 22 మంది మరణించారు. నేను పాశర్లపూడి పేరెత్తితే ఆయన సరిదిద్దారు: 1995లో 65 రోజులు మండిన ఆ బావి సముద్రంలోది కాదు, కొబ్బరితోటల మధ్య నేల మీది బావి. నా తప్పు ఒప్పుకున్నాను. నా ప్యానెళ్ల వల్ల జరగగల ఘోరమేమిటని ఆయన ఎదురు ప్రశ్న వేస్తే, ఉప్పు నింపని ఎర్తింగ్ గుంత చూపించాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయన గెలిచింది మాత్రం మూడో మాట దగ్గర. "నీ మిద్దె మీది కరెంటుతోని యూరియా చేస్తరా?" అన్నారు. మొన్నటి వానాకాలం యూరియా కోసం రైతులు తెల్లవారుజామునే వచ్చి, చెప్పులు వరుసలో పెట్టి నిలబడడం నేను మిల్లుకు వెళ్లే దారిలో కళ్లారా చూశాను. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే జిల్లా ఇది. మా మిల్లుకు వచ్చే ప్రతి బస్తా వెనుక యూరియా ఉంది, ఆ యూరియా వెనుక సహజవాయువు ఉంది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్న రామగుండం కర్మాగారానికి గోదావరి జిల్లాల వైపు నుంచి వేసిన పైపులైను ద్వారానే గ్యాసు అందుతుంది. ఎండతో యూరియా చేసే మార్గం ఇవాళ రైతు కొనగలిగే ధరలో లేదు. కాబట్టి సముద్రంలో తవ్వడం రేపే ఆపాలన్న మాట నేను అనను. వెలికితీసిన గ్యాసును మరో దారి లేని పనులకు అట్టిపెట్టి, దారి ఉన్న చోట ఎండను వాడుకోవాలన్నదే నా అభిప్రాయం. మూరెడు దూరంలోని కిరాణా కొట్టుకు పోవడానికి పెట్రోలు తగలబెట్టడం ఆ రెండో కోవలోకి వస్తుంది.

రాత్రి సంగతి కూడా ఆయన అడిగారు. పొద్దు గూకిన తర్వాత నా ఇంట్లో వెలిగేది బహుశా దామరచర్ల బొగ్గు కరెంటే. అక్కడి నాలుగు వేల మెగావాట్ల యాదాద్రి కేంద్రం మా జిల్లాలోనే ఉంది. నా నెట్ మీటరు పగలు ఇచ్చినదానికీ రాత్రి తీసుకున్నదానికీ లెక్క సరిచేస్తుంది గాని, పగటి ఎండను రాత్రికి దాచిపెట్టదు. దాచే పని చేయగలిగినవి మన కృష్ణ మీదే ఉన్నాయి: నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రంలోని ఎనిమిది యూనిట్లలో ఏడూ, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని ఆరు యూనిట్లూ వెనక్కి తిరిగి నీటిని పైకి తోడగలిగే రకానివి. పగలు మిగిలిన సౌర విద్యుత్తుతో నీళ్లు పైకెక్కించి, రాత్రి కిందికి వదిలితే అదే పెద్ద బ్యాటరీ. ఈ మాటకు బావ ఎదురు చెప్పలేదు.

ఎవరు కొనాలి అన్నదానికి నా సమాధానం అందరూ అని కాదు. తెల్ల రేషన్ కార్డు ఉండి నెలకు 200 యూనిట్లలోపు వాడే ఇంటికి రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి బిల్లే రావడం లేదు. వారు అప్పు చేసి ప్యానెళ్లు పెట్టుకోవలసిన అవసరం నాకు కనిపించదు. వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో జరిగినట్లు ఊరంతటికీ ప్రభుత్వమే పూనుకుని పెట్టిస్తే అది వేరే సంగతి. నెలకు 250 యూనిట్లు దాటే ఇల్లు, మూడు వందల చదరపు అడుగుల నీడలేని సొంత మిద్దె, రోజూ ముప్పై నలభై కిలోమీటర్ల ప్రయాణం, ఈ మూడూ ఉన్నవారికి ఇది బంగారం లాంటి వస్తువు. లైను చేరని అడవి అంచు పొలాల్లో డీజిల్ ఇంజను పెట్టి నీళ్లు తోడే రైతుకు ఇంకా మేలు. అమ్రాబాద్ మండలం మాచారంలో 2025 మే 19న ప్రారంభించిన ఇందిర సౌర గిరి జల వికాసం పథకం గిరిజన రైతుల భూములకు సౌర పంపుసెట్లు ఇవ్వడానికి ఉద్దేశించినదే.

ప్యానెళ్లకు, ఇన్వర్టర్‌కు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన అర మార్కు కరెంటు పోయినప్పుడు చేతులెత్తేసినందుకు. బిగించిన సంస్థకు రెండు కంటే ఎక్కువ ఇవ్వలేను, ఆ రెండూ చట్రం గట్టిగా ఉన్నందుకు, మే నెల గాలిదుమారాల్లో ఒక్క బోల్టు కూడా కదలనందుకు.

తిరుగు ప్రయాణం రోజున బావ కాకినాడలోని తన ఇంటి మిద్దె కొలతలు కాగితం మీద గీసి ఇచ్చారు. ఉప్పుగాలికి తట్టుకునేలా పరీక్షించిన ప్యానెళ్లు, తుఫాను గాలికి ఆగే చట్రం కావాలని, ధర కనుక్కోమని చెప్పారు. మాకు బిగించిన సంస్థ నంబరు మాత్రం నేను ఇవ్వలేదు. వాళ్లు వార్షిక నిర్వహణ ఒప్పందం కింద రూ.4,000 అడుగుతున్నారు. నేను చేసుకోవడం లేదు. రెండు బకెట్ల కృష్ణా నీళ్లు, మెత్తటి గుడ్డ ఇంట్లోనే ఉన్నాయి. ఎర్తింగ్ గుంతలో బొగ్గు, ఉప్పు మా వీధి ఎలక్ట్రీషియన్ రూ.600కు నింపి ఇచ్చాడు.